బల్లెం పేరు ‘పరిశోధన’

*తిమింగలాన్ని కాపాడతామంటూ ఓడతో ఓడను గుద్దినవాళ్లున్నారు. ఆడబిడ్డ అని పిలిచి వల కోయించినవాళ్లూ ఉన్నారు. సముద్రం లేని హైదరాబాద్‌లో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొదలైన కథ ఇది.*

ఆదివారం పొద్దున పదిన్నర. ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద మాత్రం బేరాలు జోరుగా సాగుతున్నాయి. జీపీవో సెంటరు నుంచి నడుచుకుంటూ వస్తే కాళ్ల దగ్గరే నీలం టార్పాలిన్లు. వాటి మీద పాత ఎంసెట్ గైడ్లు, యద్దనపూడి నవలలు, ఎవరింట్లోనో తాతగారు పోయాక బరువు లెక్కన బయటికొచ్చిన ఎన్‌సైక్లోపీడియాలు. రాత్రి చినుకులకు కొన్ని అట్టలు అప్పడాల్లా ఉబ్బాయి. పసుపు అంచు పత్రికల దొంతరలోంచి ఒకటి లాగాను. నేషనల్ జియోగ్రఫిక్, 1979 జనవరి.

ఆ సంచిక కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. దాని మధ్యలో పల్చటి ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డు పెట్టి ఇచ్చారు. హంప్‌బ్యాక్ తిమింగలాల పాట అది. ఆత్రంగా తెరిచాను. రికార్డు ఉండాల్సిన చోట చిరిగిన అంచు మాత్రం మిగిలింది. ఎవరో ఎప్పుడో పాటను చించుకుపోయారు.

“చేపల బుక్కు సార్. నలభై ఇయ్యండి” అన్నాడు అమ్మే ఆయన.

“చేపలు కావన్నా, తిమింగలాలు. పిల్లలకు పాలిచ్చే జీవాలు.”

“నీళ్లల్ల ఉంటే చేపే గద సార్” అని ఆయన వేరే బేరం వైపు తిరిగాడు.

ఆయన్ని అని లాభం లేదు, భాషే ఆయన పక్షాన ఉంది. తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. మన పూర్వులు చూసో వినో పెట్టిన ఆ పేరులోనే చేప ఉంది. పేరు ఎంత పని చేస్తుందో ఆ రోజు నాకు తట్టలేదు. నలభై ఇచ్చి, పాట లేని పత్రికను చంకలో పెట్టుకుని వచ్చేశాను.

సబ్బుకు ప్రాణం వచ్చిన రోజు

చిరిగిపోయిన ఆ రికార్డు సంగతి కొంచెం చెప్పాలి. రోజర్ పేన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, స్కాట్ మెక్‌వే అనే సహచరుడు కలిసి ఒక విషయం పట్టుకున్నారు. హంప్‌బ్యాక్ తిమింగలం చేసేది ఉత్త అరుపు కాదు, వరసలున్న పాట. చరణాలు తిరిగి తిరిగి వస్తాయి. 1970లో ఆ పాటలను ఆల్బమ్‌గా విడుదల చేశారు. తర్వాత నేషనల్ జియోగ్రఫిక్ ఆ 1979 జనవరి సంచికతో పాటు కోటీ 5 లక్షల రికార్డులు అచ్చువేసి ఇంటింటికీ పంపింది. అంతకు రెండేళ్ల ముందు, 1977లో, వోయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన బంగారు పలకలోనూ ఆ పాట ఉంది.

అప్పటిదాకా తిమింగలం అంటే పడమటి దేశాలకు నూనె. దీపానికి నూనె, సబ్బుకు నూనె, రొట్టె మీద పూసే మార్గరీన్‌కు నూనె. 1860లలో నార్వేకు చెందిన స్వెన్ ఫోయిన్ ఒంట్లో దిగాక పేలే హార్పూన్ బల్లెం తయారుచేశాడు. ఆవిరి ఓడ వచ్చింది. దాంతో అంతకుముందు పట్టడానికి వీలుకాని నీలి తిమింగలం కూడా సరుకైపోయింది. పరిశోధనా పత్రాలు వందొచ్చినా రాని జాలి ఒక్క పాటతో వచ్చింది. పాడేదాన్ని చంపి సబ్బు చేసుకోవడం మనిషికి కొంచెం ఇబ్బంది మరి.

> ఎన్ని పోయాయి?
> 20వ శతాబ్దంలో వేటాడిన తిమింగలాలు దాదాపు 29 లక్షలని అంచనా. అంటార్కిటిక్‌లో ఒకప్పుడు సుమారు 2 లక్షల 39 వేలున్న నీలి తిమింగలాలు 1970ల మొదటికి కొన్ని వందలకు పడిపోయాయి. అంతర్జాతీయ తిమింగల వేట ఒప్పందం మీద 1946లో వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. భారత్ 1981లో చేరింది. వ్యాపార వేట ఆపాలని 1982లో ఓటింగు జరిగితే 25 దేశాలు సరే అన్నాయి, 7 వద్దన్నాయి. ఆ నిషేధం 1985-86 వేట కాలం నుంచి అమల్లోకి వచ్చింది.

ఓడకు అడ్డం ఓడ

చల్లారిందనుకున్న గొడవ మళ్లీ రాజుకున్నది 2024 జూలై 21న. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ రేవులో నూనె నింపుకోవడానికి ఒక ఓడ ఆగింది. డెన్మార్క్ పోలీసులు ఎక్కి దాని నాయకుడికి బేడీలు వేశారు. పేరు పాల్ వాట్సన్. తెల్లజుట్టు, గడ్డం, డెబ్బై దాటిన వయసు. జపాన్ కొత్తగా నీళ్లలోకి దించిన వేట ఓడ ‘కంగేయి మారు’కు అడ్డం పడటానికి వెళ్తున్నాడు. జపాన్ ఫిర్యాదు మీద ఇంటర్‌పోల్ 2012లోనే ఆయన మీద నోటీసు ఇచ్చి ఉంది. అయిదు నెలలు జైల్లో ఉన్నాడు. జపాన్‌కు అప్పగించేది లేదని డెన్మార్క్ తేల్చి డిసెంబరు 17న వదిలేసింది. ఆ అయిదు నెలలూ ఒకరు ఆయన్ని మహాత్ముడన్నారు, ఇంకొకరు సముద్రపు దొంగ అన్నారు.

ఈ కథ 1975 జూన్‌లో కాలిఫోర్నియా తీరానికి దూరంగా మొదలైంది. గ్రీన్‌పీస్ సంస్థ కుర్రాళ్లు, వాళ్లలో వాట్సన్ ఒకడు, రబ్బరు పడవల్లో వెళ్లి సోవియట్ వేట ఓడకూ తిమింగలాలకూ మధ్య నిలబడ్డారు. మనుషులుంటే బల్లెం వదలరని వాళ్ల లెక్క. వదిలారు. తాడు కట్టిన బల్లెం తలల మీదుగా దూసుకెళ్లి వెనకున్న తిమింగలంలో దిగింది. చస్తున్న ఒక స్పెర్మ్ తిమింగలం తనను కంట్లో కన్ను పెట్టి చూసిందని, తన బతుకు అక్కడే మలుపు తిరిగిందని వాట్సన్ ఆ తర్వాత చెప్పని చోటు లేదు. పద్ధతుల దగ్గర పడక 1977లో గ్రీన్‌పీస్ ఆయన్ని బయటికి పంపింది. ఆయన ‘సీ షెపర్డ్’ పెట్టాడు. గ్రీన్‌పీస్ నిలబడి చూపిస్తుంది. ఈయన నేరుగా గుద్దేస్తాడు.

1979లో పోర్చుగల్ తీరంలో ‘సియెరా’ అనే దొంగ వేట ఓడను తన ఓడతో ఢీకొట్టాడు. 1986 నవంబరులో సీ షెపర్డ్ మనుషులు ఇద్దరు రేక్యవిక్ రేవులో నిలిపి ఉన్న రెండు వేట ఓడల అడుగు కవాటాలు తెరిచేశారు. తెల్లారేసరికి రెండూ బురదలో కూర్చున్నాయి. 2005 నుంచి అంటార్కిటిక్ నీళ్లలో ఏటా జపాన్ ఓడలతో తగవే. వీళ్లు కుళ్లిన వెన్న కంపు కొట్టే ఆమ్లం సీసాలు విసిరేవారు, వాళ్లు నీటి ఫిరంగులు తిప్పేవారు. 2010 జనవరి 6న ‘ఏడీ గిల్’ అనే వేగపు పడవ జపాన్ ఓడతో ఢీకొని ముక్కు ఊడి తర్వాత మునిగిపోయింది. ఇదంతా టీవీ సీరియల్‌గా కూడా వచ్చింది. 2013లో అమెరికా అప్పీలు కోర్టు ఇలాంటి పనులు సముద్రపు దోపిడీ కిందికే వస్తాయంది.

నా మాట చెబుతాను. గుద్దేవాడి ధర్మం మీద నాకు ఎప్పుడూ అనుమానమే. అయితే ఆ దక్షిణ సముద్రంలో పోలీసు లేడు, విలేఖరి లేడు, చూసే కన్ను లేదు. కెమెరాలు పట్టుకుని అక్కడికి పోయింది వాళ్లే. ఎర్రబడ్డ ఆ నీళ్లను మనం చూశామంటే వాళ్ల వల్లే.

ఆ గుద్దుడే పేదవాడి మీద పడితే? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మకా అనే ఆదివాసీ తెగ ఉంది. 1855 ఒప్పందంలో భూములు ఇచ్చేస్తూ తిమింగల వేట హక్కు మాత్రం తమకే ఉంచుకున్నారు. తిమింగలాలు తరిగిపోయాయని 1920లలో వాళ్లే వేట మానుకున్నారు. గ్రే తిమింగలాలు మళ్లీ పెరిగాక 1999 మే 17న, 70 ఏళ్ల తర్వాత, ఒక్కదాన్ని వేటాడారు. ఊరంతా ఒడ్డున చేరి ఏడ్చింది, పాడింది. నీళ్ల మీదేమో వాళ్లకు అడ్డం నిరసనకారుల పడవలు, సీ షెపర్డ్ ఓడతో సహా. మకాలనే చంపండి అనే అర్థం వచ్చే నినాదాలు కూడా ఆ రోజుల్లో వినిపించాయి. రోడ్డు మీద పశువుల లారీలు ఆపే గుంపుల వార్తలు చదివే మనకు ఇది కొత్తేం కాదు. జీవాన్ని కాపాడటం ఎక్కడ ఆగుతుందో, మనిషిని కొట్టడం ఎక్కడ మొదలవుతుందో చీకట్లో గీత కనిపించదు.

బడి భోజనంలో తిమింగలం

జపాన్ వైపు కూడా వినాలి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడ తినడానికి తిండి లేదు. 1946లో అమెరికా సేనాని మెకార్థరే వేట ఓడలను అంటార్కిటిక్‌కు పోనిచ్చాడు. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో తిమింగలం ముక్కలు వేశారు. ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లున్న జపనీయులకు అది చిన్ననాటి రుచి. మన అమ్మమ్మల తరానికి జొన్న సంకటి ఎలాగో అలాగ. 1962 ప్రాంతంలో ఏడాదికి 2 లక్షల టన్నులకు పైగా తిన్న దేశం ఇప్పుడు తినేది రెండు వేల టన్నుల చిల్లర. అంటే ఈ గొడవ ఇప్పుడు ఆకలి గురించి కాదు. మీరు ఆవును తింటారు, కోడిని తింటారు, మా కంచంలో వేలు పెట్టడానికి మీరెవరు అన్నదే అసలు సంగతి. ఎవరి కంచంలో ఏముందో ఎవరికి పట్టిందన్న ఆ ప్రశ్న హైదరాబాద్‌లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

వ్యాపార వేట ఆపాలని నిషేధం వచ్చినప్పుడు జపాన్ ఒక సందు పట్టుకుంది. శాస్త్ర పరిశోధన కోసమైతే చంపుకోవచ్చని 1946 ఒప్పందంలోనే ఉంది. 1987 నుంచి అదే ఓడలు, అదే బల్లెం. ఓడ పక్కన మాత్రం ఆమడ దూరానికి కనిపించేలా ‘రీసెర్చ్’ అని రాయించారు. చంపి, కొలిచి, చెవిలోని గుబిలి చూసి వయసు కట్టి, మిగిలిన మాంసం అంగడికి పంపేవారు. 2014 మార్చి 31న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 12-4తో ఇది పరిశోధన కాదు పొమ్మంది. ఆ కేసు వేసింది ఆస్ట్రేలియా. జపాన్ పథకం పేరు మార్చి ఇంకొన్నేళ్లు నడిపింది. చివరికి 2019 జూన్ 30న అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్‌లోంచే బయటికొచ్చి, మర్నాడే తన సొంత నీళ్లలో బాహాటంగా వేట మొదలుపెట్టింది. అంటార్కిటిక్‌కు మాత్రం పోవడం మానేసింది. 2024లో ఫిన్ తిమింగలాన్ని కూడా జాబితాలో చేర్చింది. నీలి తిమింగలం తర్వాత అంత పెద్ద జీవం అదే.

‘పరిశోధన’ అన్న ముసుగు తీసేయడం ఒక రకంగా నయమే అనిపిస్తుంది నాకు. ఇప్పుడు కనీసం బల్లేన్ని బల్లెం అంటున్నారు.

మృగశిర నాడు నాంపల్లిలో

ఈ పేర్ల కిటుకు అర్థం కావాలంటే టోక్యో దాకా పోనక్కర్లేదు. ఆబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా పది నిమిషాలు నడిస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. జనవరిలో నుమాయిష్ జరిగే చోటే. జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించే రోజు ఆ మైదానం ఆస్తమా రోగులతో నిండిపోతుంది. తెలంగాణలో ఆ రోజు చేప తినని ఇల్లు తక్కువ. పక్కనే బేగంబజార్ చేపల మార్కెట్‌లో నిలబడటానికి చోటుండదు. మైదానంలో మాత్రం చేపను వండరు, బతికుండగానే మింగుతారు.

ఒక ఏడాది వరసలో నిలబడి దగ్గరగా చూశాను. మత్స్యశాఖ కౌంటర్‌లో డబ్బు కడితే నీళ్లు నింపిన పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికిస్తారు. అందులో వేలెడు కొర్రమీను పిల్ల. నా ముందు ఏడెనిమిదేళ్ల పాప ఆ కవరును ముఖానికి దగ్గరగా పెట్టుకుని దానితో ఏదో మాట్లాడుతోంది. ఆయాసానికి భుజాలు ఎగిరిపడుతున్నాయి. వంతు వచ్చింది. తెల్ల చొక్కా ఆయన కొర్రమీను నోట్లో పసుపుపచ్చని ముద్ద కూరాడు. తల్లి పాప ముక్కు మూసింది. పాప నోరు తెరిచింది. తోక ఒకసారి కొట్టుకుంది. అంతే. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాళీ కవరు మాత్రం వదల్లేదు.

1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ మందు రహస్యం చెప్పాడని బత్తిని కుటుంబం అంటుంది. పాతబస్తీలోని దూద్‌బౌలి ఇంట్లో మొదలై, జనం పెరిగేకొద్దీ మైదానాలకు మారింది. మందుకు మాత్రం డబ్బు తీసుకోరు. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఏళ్ల తరబడి ఇందులో మందు గుణం ఏముందో రుజువు చూపమని అడుగుతున్నారు, కోర్టుకూ వెళ్లారు. ఒకప్పుడు దీని పేరు ‘చేప మందు’. మందు అంటే పరీక్షలు, అనుమతులు, ఔషధ చట్టం వస్తాయి. ఇప్పుడు పేరు ‘చేప ప్రసాదం’. ప్రసాదానికి ల్యాబ్ రిపోర్టు అడిగేదెవరు? అదే ముద్ద, అదే కొర్రమీను. మాట మారింది, వరస కదిలింది.

జపాన్ ఓడను, నాంపల్లి వరసను ఒకే గాటన కట్టేస్తున్నానని కోప్పడకండి. అక్కడ లక్షల టన్నుల వ్యాపారం నడిచింది. ఇక్కడ ఊపిరాడని బిడ్డను ఎత్తుకుని రైలెక్కి వచ్చిన తల్లి ఉంది. ఆమెను ఎగతాళి చేసే నోరు నాకు లేదు. పేరు మారిస్తే చట్టం పక్కకు తప్పుకుంటుందని మాత్రం రెండు చోట్లా చూశాను.

> ‘తిమింగలం వాంతి’ అసలు సంగతి
> పత్రికల్లో తరచూ కనిపించే ఈ మాటా తప్పు పేరే. అది వాంతి కాదు. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై బయటికొచ్చే గట్టి పదార్థం. అత్తరు, యునాని భాషలో అంబర్. పరిమళం నిలిచి ఉండటానికి అత్తర్లలో కలిపేవారు. స్పెర్మ్ తిమింగలం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షణలో ఉంది కాబట్టి మన దేశంలో అంబర్ దగ్గర పెట్టుకున్నా, అమ్మినా, కొన్నా నేరం. కోట్లొస్తాయని నమ్మి చిక్కుకున్నవాళ్ల వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి.

లెక్కల్లో లేనివి

తప్పుడు పేరు కన్నా ఘోరం అసలు పేరే రాయకపోవడం. 1966 నవంబరులో సోవియట్ వేట ఓడలు అరేబియా సముద్రంలోకి వచ్చాయి. ఒమన్, పాకిస్థాన్, మన వాయవ్య తీరాల దగ్గర దాదాపు 240 హంప్‌బ్యాక్‌లను చంపి వెళ్లాయి. కమిషన్‌కు పంపిన లెక్కల్లో ఇవి లేవు. సోవియట్ యూనియన్ కూలి, దాచిన పుస్తకాలు బయటపడ్డాకే లోకానికి తెలిసింది. మిగతా హంప్‌బ్యాక్‌లు చలి సముద్రాలకు వలస పోతాయి, అరేబియావి పోవు. ఏడాదంతా ఇక్కడే ఉండి ఇక్కడే పాడతాయి. ఒమన్ తీరంలో ఇప్పుడు వంద కూడా లేవని అంచనా.

1979లో సీషెల్స్ అనే చిట్టి దేశం పట్టుబట్టి హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటింపజేసింది. బంగాళాఖాతం అందులో భాగమే. భీమిలి ఒడ్డున నిలబడి ముంత కింద పప్పు తింటున్నప్పుడు ఎదురుగా ఉన్నది ఆ అభయారణ్యం అంచు. మనలో ఎంతమందికి తెలుసు?

బారెల్ కాస్తా బిడ్డయింది

మన దేశంలో ఓడల మీద తిమింగల వేట పరిశ్రమ లేదు. దానికి దగ్గరగా వచ్చింది గుజరాత్‌లోని వేరావల్ తీరం. అక్కడ పట్టింది తిమింగలాన్ని కాదు, తిమింగల సొరను. ఇదేమో నిజంగానే చేప. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. ఆబిడ్స్ ఆయన ఇక్కడుంటే గెలిచేవాడు. బస్సంత ఒళ్లు, చుక్కల చీర కట్టినట్టు వీపు, పెద్ద నోరు. తినేది మాత్రం నీళ్లలో తేలే సూక్ష్మజీవులను, చిన్న చేపలను. మనిషిని ఏమీ చేయదు.

వేరావల్ జాలర్లు దాన్ని పిలిచిన పేరు ‘బారెల్’. ఇనప కొక్కేనికి తాడు, తాడుకు ఖాళీ పీపాలు కట్టి గుచ్చేవారు. పీపాలను మునగలాగలేక అలిసిపోయేది. ఒడ్డుకు ఈడ్చుకొచ్చేవారు. మొదట్లో కాలేయం నూనె తీసి పడవలకు నీరు దిగకుండా పూసుకునేవారు. 1990లలో మాంసం తైవాన్‌కు ఎగుమతి కావడంతో వేట వందలకు పెరిగింది. చంపే పనిముట్టు పేరే చచ్చేదానికి పెట్టారు. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ డాక్యుమెంటరీ ఆ రక్తపు ఒడ్డును చూపించింది. 2001 మేలో కేంద్రం తిమింగల సొరను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. ఆ షెడ్యూల్‌లోకెక్కిన మొదటి చేప అదే.

చట్టం కాగితం మీద ఉంది. జాలరికి అది బారెలే.

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఇంకో దారి పట్టాయి. ఓడలు అడ్డం పెట్టలేదు. రామకథ చెప్పే మొరారీ బాపు దగ్గరికి వెళ్లారు. ఆయన ఆ చేపకు ‘వహాలీ’ అని పేరుపెట్టారు, అంటే ముద్దుబిడ్డ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను ఎవరైనా చంపుకుంటారా అని అడిగారు. ఊళ్లలో గాలి నింపిన నిలువెత్తు బొమ్మ ఊరేగింది, వీధి నాటకాలు వేశారు. తొలిచూలు పురుడు పుట్టింట్లోనే అన్న ఆనవాయితీ మనకెంతో వాళ్లకూ అంతే. చట్టానికి లొంగని చెయ్యి ఆ మాటకు తడబడింది.

మాట ఒక్కటే అయితే నేను నమ్మేవాణ్ని కాదు. దాని వెనక డబ్బూ వచ్చింది. చిక్కిన వహాలీని వదలడానికి వల కోస్తే 25 వేల రూపాయల దాకా పరిహారం. మొదట్లో అధికారి వచ్చి చూసేదాకా చేప వలలోనే కొట్టుకునేది. తర్వాత జాలర్లకే కెమెరాలిచ్చారు. కోసి వదిలేసి, ఫొటో తీసి చూపిస్తే చాలు. ఇప్పటికి 900కు పైగా చేపలు అలా సముద్రంలోకి తిరిగివెళ్లాయి.

మన ఒడ్డున కూడా ఒకసారి జరిగింది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో రెండు టన్నుల తిమింగల సొర వలలో పడి బతికుండగానే ఒడ్డుకొచ్చింది. అటవీశాఖ వాళ్లు, ఊరి జాలర్లు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి తోశారు. చిరిగిన వలకు డబ్బిస్తామని అక్కడికక్కడే చెప్పారు.

వల ఎవరిది

వేరావల్ కథను మెచ్చుకుంటూ రాసిన వ్యాసాల్లో పడవ మీద కూలీలు కనిపించరు. వాళ్లలో మనవాళ్లు బోలెడుమంది. శ్రీకాకుళం, విజయనగరం తీరపు పల్లెల్లో సరైన రేవు లేక, బతుకు లేక, ఏటా వేట కాలానికి గుజరాత్ పోతారు. తండేలు అంటే ఆ పడవకు పెద్ద. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన కథే 2025లో నాగచైతన్య సినిమా అయింది.

ఆబిడ్స్ వెనక సందులో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అలాంటి మనిషే. పన్నెండేళ్లు వేరావల్ పడవల మీద చేశాడు. ఆ పాకిస్థాన్ గొడవ తర్వాత భార్య ఒట్టు పెట్టించుకుని ఇటు తీసుకొచ్చింది. ఆదివారం సాయంత్రం ఆయన ప్లాస్టిక్ కుర్చీ పక్కనే మెట్టు మీద కూర్చుని ఆ పాట లేని పత్రిక తెరిచి చూపించాను. పేజీలు తిప్పుతూ ఆగి, “ఇది కాదు బాబూ. దానికి సుక్కలుంటాయి” అన్నాడు.

“నువ్వు చూశావా?”

“సూడ్డమేటి, మా వల్లోనే పడ్డాది. రెండు మాట్లు.” చేతులు చాపి, చాలక, గేటు నుంచి లిఫ్టు దాకా చూపించాడు. “తెల్లారగట్ట. వల బరువెక్కిపోనాది. తండేలు టార్చి ఏసి సూసి, కోసీండ్రా అన్నాడు. ఏటి కోత్తావు, కొత్త వల. అందరం నిలబడిపోనాం. ఆడే ముందు కత్తి పెట్టినాడు.”

“ఆడబిడ్డ అని పిలుస్తారట కదా అక్కడ?”

“సేటు అలాగే అంటాడు. మాకాడ పెద్ద సొర అంటాం.” కాసేపు ఊరుకున్నాడు. “ఎల్లిపోనప్పుడు తోక ఒక్క కొట్టు కొట్టినాది బాబూ. అందరం తడిసిపోనాం. నవ్వుకున్నాం.”

“పరిహారం వచ్చిందా మరి?”

“వల సేటుది. డబ్బులూ సేటుకే.” పత్రిక మూసి నా చేతిలో పెట్టాడు. “కుట్టింది మట్టుకు మేమే. మూడు రోజులు.”